అమ్మవారి (మశూచి) మచ్చలు కనిపించాలంటే ఎన్ని పిక్సెళ్లు కావాలి? 1954 నాటి గ్రూప్ ఫోటో, 30 అంగుళాల పోస్టర్

పోయిన మే నెలలో ఒక టీచర్ మేడం మా స్టూడియోకు వచ్చారు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర మా షాపు. ఎండ మాడ్చేస్తున్న మధ్యాహ్నం, కొంగు నెత్తిన వేసుకొని వచ్చి, కూర్చోకుండానే ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు.

"అన్నా, మా జేజినాయనకు వందేళ్ల జయంతి చేస్తున్నాం. దీన్ని పెద్ద పోస్టర్ చేసియ్యల్ల. ఫంక్షన్ హాల్లో స్టేజీ పక్కన ఒకటి, గేటు కాడ ఫ్లెక్సీ ఒకటి. పది రోజులే టైముంది."

ఫోటోలో పద్నాలుగు మంది. ఆరుగురు కుర్చీల్లో కూర్చున్నారు, ఎనిమిది మంది వెనక నిలబడ్డారు. వాళ్ల వెనక డేరా. ముందు నేల మీద ఒక పలక ఆనించి ఉంది. దాని మీద ఏదో రాశారు గానీ తెల్లటి మరకలాగా తప్ప ఏమీ తెలియడం లేదు. కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి ఫోటో అని మేడం చెప్పారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఇక్కడ ప్రభుత్వం మొదలైనప్పుడు, ఊళ్లో ఉన్న కట్టడాలు చాలక ఆఫీసులు డేరాల్లో నడిచిన సంగతి మా ఊరి పెద్దలందరికీ తెలుసు. మద్రాసు నుంచి వచ్చిన ఉద్యోగుల్లో ఈమె జేజినాయన, అంటే తాత, ఒకరు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్ అయింది. కుటుంబం మాత్రం కర్నూల్లోనే నిలిచిపోయింది.

పాత ఫోటో పెద్దది చేయమని వచ్చేవాళ్లు "ఎన్ని డీపీఐ ఉండల్లన్నా?" అని అడుగుతారు. "300" అని చెప్పడం నాకూ ఏళ్లుగా అలవాటు, అంటే అంగుళానికి 300 చుక్కలు (పిక్సెళ్లు). ఆ జవాబు సగమే అని ఈ పనిలో నాకు గట్టిగా తెలిసొచ్చింది. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో నేర్పిన పని ఇది. స్టూడియోవాళ్లకూ, ఇంట్లో పాత ఫోటోలున్నవాళ్లకూ పనికొస్తుందని అంకెలతో సహా రాస్తున్నాను.

ఫోన్‌లో వచ్చిన ఫైలు

మేడం దగ్గరున్నది గోడకున్న ఫ్రేమును ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిన ఫోటో. వాట్సాప్ మామూలుగా పంపితే పొడుగువైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. అందులోనూ గోడ, ఫ్రేము, చుట్టూ ఉన్న అట్ట పోగా అసలు ఫోటో వెడల్పు 1100 పిక్సెళ్లే. పైభాగంలో ట్యూబ్‌లైటు మెరుపు అడ్డంగా ఒక గీత.

"మా అన్నకొడుకు ఇంకో షాపులో 300 డీపీఐ చేయించినాడు" అంటూ రెండో ఫైలు చూపించారు. చూస్తే నిజంగానే 300 అని ఉంది. పిక్సెళ్లు మాత్రం అవే 1100. సంచి మీద 25 కిలోలని కొట్టించినంత మాత్రాన లోపలి సోనామసూరి పెరగదు కదా, ఇదీ అంతే. ఆ అంకె ప్రింటరుకు చెప్పే సూచన మాత్రమే. ఫైల్లో ఉన్న పిక్సెళ్లను ఎన్ని అంగుళాల మీద పరుస్తావు అన్నదే అసలు లెక్క. వాళ్లు అడిగిన పోస్టరు వెడల్పు 30 అంగుళాలు. 1100ని 30తో భాగిస్తే అంగుళానికి 37 వస్తుంది. ఆ లెక్కన ముఖాలు నాలుగడుగుల దూరం నుంచి కూడా గళ్లుగళ్లుగా, పాకిపోయినట్టు కనిపిస్తాయి.

అయినా టైము లేదని, నేనే ఒక తప్పు చేశాను. ఆ సాయంత్రం ఆ ఫైలునే ఒక ఏఐ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఎనిమిది రెట్లు పెంచాను. చూడ్డానికి అద్భుతంగా వచ్చింది. కళ్లు, మీసాలు, చొక్కా గుండీలు అన్నీ నిన్న తీసినంత స్పష్టం. ఒక ఎ4 ప్రింటు తీసి మరుసటి రోజు పొద్దున మేడం ఇంటికి పంపాను.

మధ్యాహ్నానికి మేడం తన మేనత్తను వెంటబెట్టుకొని వచ్చారు. ఫోటోలో ఉన్నాయన కూతురు ఆమె. డెబ్బయ్యెనిమిదేళ్లుంటాయి. కుర్చీలో కూర్చొని, ప్రింటును దూరంగా పెట్టి చూశారు, దగ్గరకు తెచ్చుకొని చూశారు.

"ఈయన యెవరప్పా?" అన్నారు.

"మీ నాయన కదా పెద్దమ్మా" అన్నాను.

"మా నాయనకు ముఖమంతా అమ్మవారు పోసిన మచ్చలుండె. బుగ్గలు చేత్తో తడిమితే తగిలేటివి. ఈయనకు నున్నగ అద్దమున్నట్టుంది. ఈ మనిషెవరో నాకు తెలీదు నాయనా."

ఆ మాట నన్ను కదిలించింది. సాఫ్ట్‌వేరు చేసిందేమిటో అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది. వివరం లేనిచోట అది తనకు తెలిసిన లక్షల ముఖాల్లోంచి ఒక సగటు ముఖాన్ని తెచ్చి అతికిస్తుంది. గోడ, చెట్టు, డేరా గుడ్డ అయితే ఎవరికీ నష్టం లేదు. ముఖం విషయంలో అలా చేస్తే, మనిషిని మార్చేసినట్టే. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా అలాంటి ముఖం చేసివ్వడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఆ ప్రింటును అక్కడే చింపేసి, అసలు ఫోటో తెమ్మని అడిగాను.

మచ్చ నుంచి మొదలుపెట్టిన లెక్క

సాయంత్రం ఫ్రేము వచ్చింది, తువ్వాలలో చుట్టి. లోపలి ఫోటో కొలిస్తే ఎనిమిదిన్నర అంగుళాలు అడ్డం, ఆరున్నర నిలువు. పాత స్టూడియోల్లో ఫుల్ ప్లేట్ అనేవాళ్లు. ఆ కొలత చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫుల్ ప్లేట్ కెమెరాలో నెగెటివే అంత పెద్దది. దాన్ని కాగితం మీద నేరుగా ఆనించి కాంటాక్ట్ ప్రింట్ తీసేవాళ్లు. మధ్యలో ఎన్‌లార్జర్ లెన్సు ఉండదు, పెంచడం ఉండదు. కాబట్టి నెగెటివులో ఉన్న సన్నటి వివరం చాలావరకు కాగితం మీదికి దిగుతుంది. అదే చిన్న నెగెటివ్ నుంచి పెంచి తీసిన పాత ప్రింటైతే, ఎంత ఎక్కువ రిజల్యూషన్‌లో కాపీ చేసినా ఒక హద్దు దాటాక గ్రెయిన్ (ఫోటోలోని రేణువుల గరుకు) తప్ప ఇంకేమీ రాదు.

పది రెట్ల భూతద్దం పెట్టి చూశాను. నిలబడ్డ వరసలో ఒకాయన కళ్లజోడు అంచు వెంట్రుకంత గీతలా తెలుస్తోంది. డేరా గుడ్డ కుట్లు తెలుస్తున్నాయి. కుర్చీల్లో ఎడమ నుంచి నాలుగో ఆయన బుగ్గల మీద చిన్న చిన్న నీడలు. పెద్దమ్మ చెప్పినవి అవే.

ఇప్పుడు లెక్క. ఫోటోలో ఆయన ముఖం వెడల్పు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. పెద్దవాళ్ల ముఖం సుమారు 14 సెంటీమీటర్లు అనుకుంటే, ఫోటోలో మనిషి 15 రెట్లు చిన్నగా పడ్డాడు. ముఖం మీద 3 మిల్లీమీటర్ల మచ్చ ఉంటే కాగితం మీద అది 0.2 మిల్లీమీటరు. ఒక చుక్క అక్కడ ఉందని తెలియాలంటే కనీసం రెండు పిక్సెళ్లు అడ్డంగా పడాలి. అది గుంటలా, ఒక పక్క నీడతో కనిపించాలంటే నాలుగైదు కావాలి. 0.2 మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లంటే మిల్లీమీటరుకు 25, అంటే అంగుళానికి 635.

వాట్సాప్ ఫైల్లో ఎంతుందో చూద్దాం. 1100ని ఎనిమిదిన్నరతో భాగిస్తే అంగుళానికి 129. మిల్లీమీటరుకు 5. ఒక మచ్చకు సరిగ్గా ఒక పిక్సెల్! దాని మీద జేపెగ్ కుదింపు. మచ్చ ఆ ఫైల్లోకి రానేలేదు. రానిదాన్ని ఏ సాఫ్ట్‌వేరైనా ఎక్కణ్ణుంచి తెస్తుంది?

ఇదీ నేను పాటిస్తున్న పద్ధతి ఇప్పుడు. కాగితం సైజు అడగడానికి ముందు, "ఈ ఫోటోలో మీకు కచ్చితంగా కనిపించాల్సింది ఏమిటి?" అని అడుగుతాను. ముక్కుపుడకా, చీర అంచా, బోర్డు మీది అక్షరాలా, ముఖం మీది మచ్చా? దాన్ని స్కేలు పెట్టి కొలుస్తాను. కాపీ ఎంతలో తీయాలో ఆ కొలతే చెబుతుంది.

రెండో లెక్క ప్రింటు వైపుది. మామూలు చూపున్న కంటికి, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసి ఒకటిగా కనిపిస్తాయి. దాన్నుంచి వచ్చే సులువు లెక్క ఒకటుంది. చూసే దూరం ఎన్ని అంగుళాలో ఆ అంకెతో 3438ని భాగిస్తే, అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు ఉంటే కన్ను తప్పు పట్టదో వస్తుంది. పదడుగుల నుంచి చూస్తే 29. ఐదడుగుల నుంచి 57. నాలుగడుగుల నుంచి 72. చేతిలో పుస్తకంలా అడుగు దూరంలో పట్టుకుంటే 286. మనందరం చెప్పే 300 ఈ చివరి అంకెకు దగ్గరిదే. పుస్తకాలు అచ్చేసే ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఫోటోను చుక్కల వరసలుగా విడగొట్టే స్క్రీను అంగుళానికి 150 గీతలు, గీతకు రెండు పిక్సెళ్ల చొప్పున 300 కావాలన్న లెక్క కూడా దానికి తోడైంది. పుస్తకానికీ, పెళ్లి ఆల్బమ్‌కూ అది సరైన అంకె. గోడకు తగిలించే పోస్టరుకు వంద, నూటయాభై చాలని చెప్పేవాళ్లూ తప్పు చెప్పడం లేదు, జనం దూరంగా నిలబడి చూస్తారు కాబట్టి.

కానీ గ్రూప్ ఫోటో దగ్గర ఈ దూరం లెక్క నిలవదు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. గ్రూప్ ఫోటో ఎంత పెద్దదైనా, గోడకు ఎంత ఎత్తున కట్టినా, మనవాళ్లు దాని దగ్గరికి పోతారు. "మా నాయన యాడున్నాడు?" అని వరస వెంట వేలు జరుపుకుంటూ పోతారు. దొరికాక ముఖం మీద వేలు పెడతారు. వేలు ఆనిందంటే కన్ను అడుగున్నర దూరంలో ఉన్నట్టు. 18 అంగుళాలకు 191 వస్తుంది. ఒక మనిషిదే పెద్ద పోర్ట్రెయిట్ అయితే వందతో సరిపెట్టేవాణ్ణి. దీనికి 200కు తగ్గకూడదనుకున్నాను.

30 అంగుళాల వెడల్పుకు ఎత్తు 23 వస్తుంది. 24 అంగుళాల రోల్ మీద సరిపోతుంది. 200 చొప్పున 6000 అడ్డం, 4600 నిలువు. అసలు ఫోటో నుంచి అంగుళానికి 706 రావాలి. మచ్చ లెక్క 635 అడిగింది, ప్రింటు లెక్క 706 అడిగింది. స్కానర్లు, కెమెరాలు చెప్పే అంకెకూ నిజంగా పట్టుకునే వివరానికీ మధ్య తేడా ఉంటుంది కాబట్టి, 1000లో కాపీ చేయాలని నిర్ణయించాను.

అద్దానికి అంటుకున్న ఫోటో

ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. ఈ ఫ్రేము 2009 అక్టోబర్ వరదలో మునిగింది. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారి ఊరి మీద పడినప్పుడు పాతబస్తీలో వాళ్ల ఇల్లు నీళ్లలో ఉంది. నలుపు తెలుపు ఫోటో కాగితం మీద వెండి రేణువుల్ని పట్టి ఉంచేది జెలటిన్ పొర. నీళ్లకు అది ఉబ్బి మెత్తబడుతుంది. అద్దానికి ఆనుకొని ఉండగా ఆరిందంటే జిగురులా పట్టేస్తుంది. వరద తగ్గాక మేడం తమ్ముడు ఎడమ చేతి వైపు కింది మూలలో బ్లేడు పెట్టి లాగాడట. రూపాయి బిళ్లంత మేర పొర లేచిపోయింది. అక్కడితో భయపడి ఆపేశారు. ఆపడమే మేలైంది.

ఇలాంటి ఫ్రేములు మా ఊళ్లో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. దయచేసి బ్లేడు పెట్టొద్దు, నీళ్లలో నానబెట్టొద్దు, హెయిర్ డ్రయర్‌తో వేడి చేయొద్దు. అద్దంతోనే ఉంచి, అద్దం మీదుగా కాపీ తీయించండి. ఊడదీయడం ఫోటో సంరక్షణ నేర్చినవాళ్ల పని. కాపీ తీసుకున్నాక వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు.

మొదట మా కౌంటరు మీదున్న పల్చటి స్కానరులో పెట్టాను. అన్నీ మసకే. ఇలాంటి పల్చటి వాటిలో సీఐఎస్ అనే సెన్సర్ పట్టీ ఉంటుంది. అది స్కానరు గాజుకు ఆనుకున్న కాగితాన్నే స్పష్టంగా చదువుతుంది. రెండు మిల్లీమీటర్ల ఫ్రేము అద్దం అడ్డం వచ్చేసరికి ఫోకస్ పోయింది. వంకర తిరిగిన పాత ఫోటోలు కూడా వీటిలో ఇందుకే మసకగా వస్తాయి. లెన్సూ అద్దాలూ ఉండే సీసీడీ రకం స్కానర్లు లావుగా ఉంటాయి గానీ కాస్త లోతును కూడా పట్టుకుంటాయి. పాతది ఒకటి లోపల ఉంటే దానిలోనూ వేసి చూశాను. మెరుగే, కానీ రెండు అద్దాల మధ్య మెరుపులు, పొర అంటుకున్న చోట ఒక ఛాయ, అంటుకోని చోట ఇంకో ఛాయ. ఇక కెమెరాయే గతి.

మాది 24 మెగాపిక్సెళ్ల కెమెరా, 6000 అడ్డం 4000 నిలువు. ఫోటో మొత్తం ఒకే ఫ్రేములో పట్టిస్తే నిలువు 4000 పిక్సెళ్లు ఆరున్నర అంగుళాల మీద పరుచుకుంటాయి. అంగుళానికి 615. చాలదు. కాబట్టి ఒక్కో ఫ్రేములో సరిగ్గా ఆరంగుళాలు అడ్డం, నాలుగంగుళాలు నిలువు పట్టేలా కెమెరాను దించాను. అప్పుడు అంగుళానికి 1000. మొత్తం ఫోటోకు నాలుగు షాట్లు, రెండు అడ్డం రెండు నిలువు. అడ్డంలో మూడున్నర అంగుళాలు, నిలువులో అంగుళంన్నర ఒకదాని మీద ఒకటి వస్తాయి. అతకడానికి అది పుష్కలం.

కెమెరాను స్టాండుకు కిందికి చూసేలా బిగించి కదపలేదు. బల్ల మీద ఫోటోనే జరిపాను. అలా చేస్తే వెలుగు అన్ని షాట్లలో ఒకేలా ఉంటుంది. రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో ఎల్ఈడీ లైట్లు, వాటి ముందు ఒకే దిక్కుగా పెట్టిన పోలరైజింగ్ షీట్లు (ఒక దిక్కున ఊగే వెలుగునే వదిలే ఫిల్టర్లు), లెన్సుకు పోలరైజర్. ఆ ఫిల్టరును మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట అద్దం మీది మెరుపంతా దీపం ఆర్పినట్టు ఆరిపోతుంది. పాత ఫోటోల్లో నలుపు మీద తేలే నీలి వెండి మెరుపు కూడా దాంతోనే పోతుంది. మొదటిసారి చూసినవాళ్లకు అది నిజంగా విచిత్రంగా ఉంటుంది, ముఖాలు నీళ్లలోంచి పైకి తేలినట్టు. కెమెరా నీడ అద్దంలో పడకుండా దాని చుట్టూ నల్లగుడ్డ కట్టాను. అద్దం పైభాగాన్ని పొడిగుడ్డతోనే తుడిచాను. ద్రవం చల్లితే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

పోలరైజర్లు వెలుగు చాలా తినేస్తాయి. ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెడితే షట్టరు ఒక సెకను పట్టింది. ఒక సెకనులో బల్ల వెంట్రుకవాసి అదిరినా మచ్చ చెరిగిపోతుంది. మొదటి రోజు తీసిన నాలుగింటిలో రెండు అలాగే పోయాయి. సీలింగ్ ఫ్యాను, బయట లారీలు. మరుసటి రాత్రి పదకొండు దాటాక షాపు షట్టరు దించి, ఫ్యాను ఆపి, మే నెల ఉక్కలో చెమటలు కారుతుండగా మళ్లీ తీశాను. ఆటోఫోకస్ అద్దం మీది దుమ్మును పట్టుకుంటోందని అప్పుడు గమనించి, తెర మీద పెద్దది చేసి చూస్తూ చేత్తో ఫోకస్ పెట్టాను, పలక మీది సుద్దరాత మీద.

ఆ సుద్దరాత గురించి చెప్పాలి. అంకెలు కాగితం మీద ఒక మిల్లీమీటరు ఎత్తు కూడా లేవు. ఫోన్ ఫోటోలో నాలుగైదు పిక్సెళ్లు, ఇందులో 35 దాకా. ఫోకస్ తిప్పుతుంటే మసకలోంచి ముందు ఒక నిలువు గీత వచ్చింది, తర్వాత ఒక సున్న చుట్టి తోక, తర్వాత మిగిలినవి. 1954. దాని కింద సెక్షన్ పేరు సగమే ఉంది, మిగతా సగం అరచెయ్యి తగిలి చెరిగిపోయింది, ఆరోజే, ఫోటో తీయకముందే. ఆ చెరుపులో వేళ్ల జాడ కూడా తెలుస్తోంది. డెబ్బయ్యేళ్ల తర్వాత దాన్ని మొదట చూసింది నేనేనేమో అనిపించింది.

పక్కనే పెట్టిన స్టీలు స్కేలు మీద ఒక సెంటీమీటరుకు ఎన్ని పిక్సెళ్లు వచ్చాయో లెక్కపెట్టాను. 394 రావాలి, 391 వచ్చింది. చాలు. స్కేలు లేకుండా కాపీ తీయొద్దని మా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు చెబుతుంటాను. సైజు గురించి ఊహించే పనే ఉండదు.

మరకలు, మూల

నాలుగింటినీ అతికితే 8500 అడ్డం, 6500 నిలువు వచ్చింది. 55 మెగాపిక్సెళ్లు. కుదింపు లేని 16 బిట్ల టిఫ్ ఫైల్లో సుమారు 330 ఎంబీ. నలుపు తెలుపు ఫోటో అయినా కలర్‌లోనే తీశాను, దానికి కారణముంది. కలర్ ఫైల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు వేర్వేరు పొరలుగా ఉంటాయి, వాటినే ఛానెళ్లంటారు. వరద మట్టి గోధుమరంగు చార ఒకటి కూర్చున్నవాళ్ల మోకాళ్ల మీదుగా పోతుంది. ఆ రంగు బ్లూ ఛానెల్‌లో నల్లగా, రెడ్ ఛానెల్‌లో దాదాపు లేనట్టుగా కనిపిస్తుంది. రెడ్ ఛానెల్ ఒక్కటే తీసుకుంటే మరక మూడొంతులు దానంతటదే పోయింది. పసుపెక్కి పాలిపోయిన పైభాగంలో మాత్రం బ్లూ ఛానెల్‌లోనే వివరం ఎక్కువుంది, అక్కడ దాన్ని కొంత కలిపాను. గ్రే స్కేల్‌లో స్కాన్ చేసి ఉంటే ఈ అవకాశమే ఉండేది కాదు.

మిగిలిన చుక్కలు, గీతలు చేత్తో తుడవడానికి రెండున్నర రోజులు పట్టింది. ముఖాల మీద బయటి నుంచి పడ్డ దుమ్ము తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఒక చుక్క దుమ్మా, మచ్చా అని అనుమానం వస్తే ఉంచేశాను. బ్లేడుకు పోయిన మూలలో ఒకాయన కుడి బూటు ఉండాలి. పక్కాయన బూటు కాపీ చేసి పెట్టొచ్చు, మేడం తమ్ముడు అదే అడిగాడు కూడా. ఆయన బూటు వేసుకున్నాడో, చెప్పులో మనకు తెలీదని చెప్పి, నేల రంగు మాత్రం మెత్తగా నింపాను. నింపిన చోట చుట్టూ ఉన్నంత గ్రెయిన్ కలపకపోతే ప్లాస్టిక్ ముక్క అతికినట్టుంటుంది.

ముక్క ప్రింట్లు

పూర్తి పోస్టరు తీయడానికి ముందు అసలు సైజులోనే ఒక పది ఎనిమిది అంగుళాల ముక్క ప్రింటు తీస్తాను. జేజినాయన ముఖం, పక్కన ఇద్దరు, కింద పలక వచ్చేలా. ఈసారి అదే ముక్కను మూడు రకాలుగా తీశాను, అంగుళానికి 100, 200, ఫైల్లో ఉన్నంతా 283. వెనక చిన్నగా గుర్తులు రాసి గోడకు అంటించి, మేడాన్ని నాలుగడుగుల దూరంలో నిలబెట్టాను. "మూడూ ఒకటే కదన్నా" అన్నారు. దగ్గరికి రమ్మన్నాను. అడుగున్నరలో 100 దాన్ని వెంటనే పక్కన పెట్టారు. 200, 283 మధ్య ఎంతసేపు చూసినా ముఖంలో తేడా చెప్పలేకపోయారు. పలక మీది అంకెల అంచులు మాత్రం 283లో కొంచెం పదునుగా ఉన్నాయన్నారు. దూరం లెక్క చెప్పిందీ సరిగ్గా ఇదే. ఫైలు ఉంది కాబట్టి 283తోనే వెళ్లాం.

ప్రింటరు గురించి ఒక్కమాట. పెట్టె మీద 2880, 1440 అని రాసుండేవి సిరా చుక్కల లెక్కలు. ఒక పిక్సెల్ ఛాయ రావడానికి ప్రింటరు చాలా చుక్కలు చల్లుతుంది. కాబట్టి ఫోటోను 2880లో స్కాన్ చేయాలని దానర్థం కాదు. మేము వాడే ఎప్సన్ డ్రైవర్ 360 లెక్కలో తీసుకుంటుంది, ఫైలును చివర్లో ఆ సైజుకు నేనే పెంచి, షార్పెనింగ్ (అంచులు పదునెక్కించడం) ఆ తర్వాతే చేశాను. స్టేజీ లైట్లు పడతాయని మ్యాట్ కాగితం తీసుకున్నాం. మ్యాట్ మీద సిరా కాస్త పాకుతుంది, అందుకే తెర మీద కొంచెం ఎక్కువనిపించేంత షార్ప్ చేయాలి.

గేటు ఫ్లెక్సీ ఆరడుగులు. అదే ఫైలు, అంగుళానికి 118 వస్తుంది. ఫ్లెక్సీ అబ్బాయి 72 చాలన్నాడు, 100లో ఇచ్చాను. పదడుగుల నుంచి చూసేదానికి అది ఎక్కువే.

ఆ రోజు

నేనూ వెళ్లాను. అనుకున్నట్టే జనం పోస్టరు దగ్గరికి వచ్చి వేళ్లు పెడుతున్నారు. సాయంత్రానికి నాలుగో ఆయన ముఖం చుట్టూ వేలిముద్రలు పడ్డాయి. లామినేషన్ చేయించాల్సింది, మ్యాట్ మీద అవి పోవు. ఇప్పుడు గ్రూప్ ఫోటో ఏదైనా మ్యాట్ లామినేషన్ లేకుండా ఇవ్వడం లేదు.

పెద్దమ్మను మనవరాలు చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. కళ్లజోడు తీసి, ముఖం పోస్టరుకు అరచెయ్యంత దూరంలో పెట్టి చూశారు. అంత దగ్గరికి ఏ లెక్కా వేయలేదు నేను. వేలితో బుగ్గ మీద మెల్లగా తడిమి, "ఉండాయి" అన్నారు.

వారానికి ఆదోని నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నిలబడ్డ వరసలో కళ్లజోడున్నాయన ఈయనకు తాత. ఆ ముఖం ఒక్కటే కత్తిరించి గోడకు పన్నెండు అంగుళాల వెడల్పున చేసియ్యమన్నాడు, మేడం దగ్గర అనుమతి కూడా తీసుకున్నాడు. ఫోటోలో ఆయన తల, భుజాలు కలిపి 1.1 అంగుళం. మా ఫైల్లో 1100 పిక్సెళ్లు. పన్నెండు అంగుళాలకు అంగుళానికి 92 మాత్రమే, ఒక్కడి ముఖం కాబట్టి దూరం నుంచి పరవాలేదు. కానీ ఆయన దాన్ని పూజ గదిలో, చేతికందే ఎత్తులో పెడతానన్నాడు. ఐదంగుళాలు దాటితే బాగుండదని, ఎందుకో లెక్క చెప్పాను. ఫోన్‌లోనే కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఐదు ఏడు సైజులో తీసి, వెడల్పాటి తెల్ల అట్ట వేసి, పది పన్నెండు ఫ్రేములో పెట్టి బస్సులో పంపాను.